కంప్యూటర్లు వేరుపడ్డ ఇల్లు

మదనపల్లెలో పుంగనూరు రోడ్డుకు కలిసే ఒక వీధిలో మునికృష్ణకు ఫోటో స్టూడియో ఉంది. ముందు గదుల్లో స్టూడియో, వెనక ఇల్లు, మేడ మీద తమ్ముడు చైతన్య కాపురం. వంట మాత్రం అందరికీ కలిపి కిందే. తండ్రి పోయేనాటికి చైతన్య ఇంకా హైస్కూల్లో ఉన్నాడు. అతన్ని చదివించింది, పుంగనూరు జూనియర్ కాలేజీలో లెక్చరర్ అయ్యేదాకా వెనక నిలబడింది అన్నే. అందుకే ఆ ఇంట్లో అన్నదమ్ములు వేరుపడడం అనే మాట ఎవరూ ఎత్తరు. వాళ్ళ అమ్మ రెడ్డెమ్మ ఎత్తనివ్వదు.

చైతన్య భార్య నీలిమది కుప్పం దగ్గర గుడుపల్లె. అమ్మానాన్నలు కూలిపని చేసి ఆమెను చదివించారు. వాళ్ళ వైపు నెల జీతం అందుకున్న మొదటి మనిషి ఆమె. బెంగళూరులోని ఒక కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తుంది. ఆసుపత్రుల నుంచి వచ్చే రోగుల కాగితాలు, స్కానింగ్ రిపోర్టులు చూసి, బీమా వాళ్ళకు పంపేముందు తప్పులు సరిదిద్దడం ఆమె పని. పెళ్ళయి మదనపల్లెకు వచ్చినప్పుడు ఉద్యోగం పోయినట్టే అనుకుంది. పైవాళ్ళకు పదేపదే చెప్పుకుని, ఒప్పించి, ఇంటి నుంచి పనిచేసే అనుమతి తెచ్చుకుంది. మేడ మీద కిటికీ పక్కన బల్ల వేసుకుని, తలుపు మూసుకుని కూర్చుంటే మళ్ళీ అన్నానికే కిందికి దిగేది.

ఒకరోజు పని మధ్యలో కంపెనీ నుంచి భీమరావు ఫోన్ చేశాడు. ఆయన అక్కడ కంప్యూటర్ల భద్రత చూసే అధికారి. మామూలుగా అందరితో సరదాగా మాట్లాడే మనిషి, ఆ రోజు నేరుగా విషయంలోకి వచ్చాడు. ఆమె ల్యాప్‌టాప్ ఏ వైఫై మీద ఉందో అదే వైఫై మీద ఉన్న ఇంకో కంప్యూటర్, ల్యాప్‌టాప్‌లోకి దూరడానికి దారి వెతుకుతోందట. ఇప్పటిదాకా దారి దొరకలేదు గానీ, రోగుల వివరాలుండే మెషీన్‌ను అలాంటి చోట ఉంచడానికి కంపెనీ ఒప్పుకోదట. నెలాఖరులోపు ఆమె ల్యాప్‌టాప్ ఆ ఇంట్లో వేరే దేనికీ కనపడకుండా ఏర్పాటు చేసుకోవాలి. లేకపోతే బెంగళూరు వచ్చి ఆఫీసులో కూర్చుని పనిచేయాలి.

నీలిమ ఫోన్ పెట్టేసి, వైఫై రూటర్ లోపలి పేజీ తెరిచి, దాని మీద ఏమేం నడుస్తున్నాయో చూసింది. హాల్లో టీవీ, అందరి ఫోన్లు, స్టూడియోలోని రెండు కంప్యూటర్లు, ప్రింటర్. వాటితో పాటు ఆమెకు తెలియని పేర్లతో ఎన్నో ఫోన్లు. అవి ఎవరివో ఊహించడం కష్టం కాదు. ఫోటోలు ప్రింటు వేయించుకోవడానికి వచ్చినవాళ్ళు ఫోన్ నుంచే పంపుకుంటారని, మునికృష్ణ వైఫై పాస్‌వర్డ్‌ను కౌంటర్ వెనక గోడ మీద పెద్ద అక్షరాలతో అంటించి పెట్టాడు.

ఆ సాయంత్రం స్టూడియోలోకి పోయి కౌంటర్ మీది కంప్యూటర్ చూసింది. ఎవరెవరివో పెన్‌డ్రైవులు రోజంతా అందులో పెట్టి తీస్తుంటారు. ఎవరో డబ్బులు కట్టని దొంగ సాఫ్ట్‌వేర్ వేసిపోయారు. అది నడవాలంటే వైరస్ కాపలా తీసేయాలన్నారని, దాన్నీ తీసేశారు. తలుపు తడుతున్నది ఇదేనని నీలిమకు అర్థమైంది. లోపలి గదిలో తోడికోడలు సంగీత పెళ్ళి ఆల్బమ్‌లు చేసే కంప్యూటర్ ఉంది. ఫోటోలు అటూ ఇటూ సులువుగా పోవాలని ఆ రెండింటికీ మధ్య అన్నీ తెరిచి పెట్టారు.

ఇంకో నెట్ కనెక్షన్ తీసుకుంటే సరిపోతుందేమోనని కేబుల్ ఆఫీసుకు వెళ్ళి అడిగింది. వీధిలో స్తంభం మీది పెట్టె నిండిపోయిందని, కొత్త పెట్టె ఎప్పుడొస్తుందో చెప్పలేమని అన్నారు. ఫోన్ నెట్‌తో పని చేయడానికి కంపెనీ ఒప్పుకోదు. అయినా ఆమె మనసులో ఇంకో ఆలోచన కూడా నడుస్తోంది. తను వేరే లైను వేసుకుని తప్పించుకున్నా, సంగీత కంప్యూటర్ సంగతేమిటి? ఊళ్ళోవాళ్ళ పెళ్ళిళ్ళన్నీ అందులోనే ఉన్నాయి.

కాలేజీ పని మీద చైతన్య ఆ రాత్రి పుంగనూరులోనే ఉండిపోయాడు. మిగతావాళ్ళంతా అన్నం తినేటప్పుడు, ఎలా మొదలుపెట్టాలో తెలియక, అత్త వైపు తిరిగి అంది.

"అత్తా, నాది వేరు సేసుకోవల్ల. అందరితో కలిసి ఉంటే కుదరదంటాండారు మా ఆఫీసోళ్ళు."

రెడ్డెమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. ఏం వేరు, ఎందుకు వేరు అని ఆమె అడగలేదు. మునికృష్ణ కంచం వైపు చూస్తూ తినడం ముగించి లేచిపోయాడు. నీలిమ కంప్యూటర్ గురించి చెప్పడం మొదలుపెట్టేసరికి వినేవాళ్ళు ఎవరూ మిగల్లేదు.

మరునాడు మధ్యాహ్నం బి.కొత్తకోట బస్సులో రెడ్డెమ్మ అక్క ఆదిలక్ష్మమ్మ దిగింది. చేతిలో శనక్కాయల సంచి. వచ్చీ రాగానే మేడ మెట్లెక్కి నీలిమ ముందు కూర్చుని, కోపం లేకుండా, చాలా మెల్లగా అడిగింది.

"పొయ్యి వేరు పెట్టుకుంటాననినావంటనే. యాలమ్మా, ఏం తక్కువ సేసినారు నీకు?"

నీలిమకు అప్పుడు తెలిసింది తన మాట ఎక్కడికి పోయిందో. పొయ్యి కాదని, కంప్యూటర్ అని, వైఫై అని ఎంత చెప్పినా ఆదిలక్ష్మమ్మ తల ఊపుతూనే ఉంది గానీ నమ్మలేదు. వేరు కావాలనుకున్న కోడళ్ళు మొదట ఏదో ఒక వంక చూపిస్తారని ఆమెకు తెలుసు. తన కాలంలో గొడ్లపాక వంక, పిల్లల బడి వంక. ఇప్పటివాళ్ళకు కంప్యూటర్ వంక.

కిందికి దిగితే స్టూడియోలో మునికృష్ణ ఉన్నాడు. నీలిమ ఆయనకు కౌంటర్ కంప్యూటర్ సంగతి చెప్పింది. ఆయన గట్టిగా మాట్లాడే మనిషి కాదు.

"నా షాపు నీ ఉద్యోగానికి అడ్డమయితే సెప్పమ్మా. నేనే ఇంకో సోట సూసుకుంటా," అన్నాడు.

సంగీత లోపలి గది గుమ్మంలో నిలబడి విన్నది. తన కంప్యూటర్‌కేమైనా అంటురోగం ఉందా అని అడిగి, జవాబు కోసం ఆగకుండా లోపలికి పోయింది. నీలిమ పెళ్ళయి వచ్చినప్పటి నుంచి ఆమెతో సరదాగా ఉండే మనిషి సంగీత. ఇద్దరూ కలిసి సంతకు పోయేవాళ్ళు, చీరలు మార్చుకుని కట్టుకునేవాళ్ళు. ఆ రోజు సాయంత్రం కాఫీకి కూడా పిలవలేదు.

చైతన్య పుంగనూరు నుంచి వచ్చాక నీలిమ అంతా చెప్పింది. అతను కంప్యూటర్ మాట నమ్మాడు గానీ, అన్న ముందు నిలబడి ఆ మాట ఎత్తలేనన్నాడు. కొన్ని నెలలు బెంగళూరు పోయి పనిచేసి, అంతా చల్లబడ్డాక రమ్మన్నాడు. తను వారం వారం వస్తానన్నాడు. నీలిమకు కోపం రాలేదు, బాధ వేసింది. అతనికి అన్న అంటే ఎంతో ఆమెకు తెలుసు.

"నేను పోతే అందరూ వేరుపడి పోయిందనే అనుకుంటారు. పోను. ఈడనే ఉండి చేసి చూపిస్తా," అంది.

కానీ ఎలా చూపించాలో ఆమెకూ తెలియలేదు. ఆ దారి రెడ్డెమ్మ టీవీలోనే దొరికింది.

రెండు మూడు రోజుల తరువాత, మధ్యాహ్నం పూట రెడ్డెమ్మ పక్కింటి ఆడవాళ్ళతో కలిసి హాల్లో సీరియల్ చూస్తోంది. ఆదిలక్ష్మమ్మ ఇంకా ఊరికి పోలేదు, ఆమె కూడా ఉంది. సీరియల్లో అందరూ ఏడుస్తున్న చోట ఉన్నట్టుండి బొమ్మ మారిపోయి తెర నిండా ఒక ఆవు కనపడింది. ఎవరో మగమనిషి గొంతు, ఈ ఆవు ఎంత సాధువో, రెండు పూటలా ఎన్ని పాలిస్తుందో చెబుతోంది. కెమెరా ఆవు చుట్టూ తిరిగి తోక దగ్గర ఆగింది. ఆడవాళ్ళు ముందు బిత్తరపోయి, ఆ వెంటనే కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. రెడ్డెమ్మ రిమోట్ నొక్కుతూనే ఉంది. ఆవు పోలేదు.

చప్పుడు విని నీలిమ దిగి వచ్చింది. టీవీ చూసి, ఏమీ మాట్లాడకుండా స్టూడియోలోకి పోయింది. కౌంటర్ ముందు బల్ల మీద బైరెడ్డిపల్లె నుంచి వచ్చిన ఒక రైతు కూర్చుని ఉన్నాడు. ఆవును అమ్మడానికి ఫోటో ప్రింటు వేయించుకుందామని వచ్చాడట. ఫోన్లో ఏదో నొక్కితే వీడియో మొదలైందని, అది తన ఫోన్లో కనపడడం లేదని దిగులుగా చెప్పాడు. నీలిమ అతని ఫోన్ తీసుకుని వీడియో ఆపింది. లోపల టీవీలో సీరియల్ తిరిగి వచ్చింది.

ఆమె వెనక్కి వచ్చి అత్త పక్కన కూర్చుంది.

"ఆ ఆవుగలాయన మన షాపులో కూర్చోనుండాడత్తా. ఈ గదిలోకి రానే లేదు. అయినా మీ టీవీలోకి వచ్చేసినాడు."

"అదెట్లొచ్చినాడు?"

"గోడ మీద పాస్‌వర్డ్ రాసి పెట్టినాము గదా. అది ఇంటి తాళం మాదిరి. అది దొరికినోళ్ళంతా మన టీవీ కాడికి, అక్క కంప్యూటర్ కాడికి, నా కంప్యూటర్ కాడికి వచ్చేస్తారు. ఆయన తెలీక వచ్చినాడు. తెలిసి వచ్చేవాళ్ళు కూడా ఉంటారత్తా."

రెడ్డెమ్మ టీవీ వైపు చూసింది, స్టూడియో తలుపు వైపు చూసింది.

"నువ్వు ఆ పొద్దు వేరు సేయాలనింది దీన్నా?"

"దీన్నే."

"మనల్ని కాదు."

"మిమ్మల్ని వదిలి నేను యాడికి పోతానత్తా?"

రెడ్డెమ్మ ఆ మాటకు కోడలి భుజం మీద చెయ్యి వేసింది. అంతసేపూ పక్కన కూర్చున్న ఆదిలక్ష్మమ్మ శనక్కాయలు ఒలుస్తూ, మరి ముందే ఇట్లా అర్థమయ్యేలా చెప్పి ఉంటే తనకు బస్సు ప్రయాణం తప్పేది కదా అంది. అందరూ నవ్వారు. రెడ్డెమ్మ మాత్రం నవ్వకుండా పెద్ద కొడుకును లోపలికి పిలిచి, ఎవరంటే వాళ్ళు మన హాల్లోకి వస్తుంటే నువ్వేం చేస్తున్నావని అడిగింది. మునికృష్ణ ఆవు సంగతి అప్పటికే విన్నాడు. తల గోక్కుంటూ నిలబడి, చివరికి నీలిమ వైపు చూసి ఏం చేయాలో చెప్పమన్నాడు.

అక్కణ్ణుంచి పని మొదలైంది. నీలిమకు కంప్యూటర్లు వాడడం తెలుసు గానీ, వాటిని కలిపే తీగల సంగతి అంతగా తెలియదు. పని అయ్యాక చదివింది, వీడియోలు చూసింది, అర్థం కానివి భీమరావును అడిగింది. ఆయన మొదట రెండు మాటల్లో జవాబు చెప్పేవాడు. ఆమె వదలకుండా అడుగుతుంటే ఆయనకూ ఉత్సాహం వచ్చి, బొమ్మలు గీసి పంపడం మొదలుపెట్టాడు.

మొదటి ప్రయత్నం సులువుగానే కనపడింది. అటక మీద పడివున్న పాత రూటర్ దించి, దుమ్ము తుడిచి, దాన్ని కింది రూటర్‌కు తగిలించి మేడ మీద పెట్టుకుంది. ఇప్పుడు ఆమె ల్యాప్‌టాప్ ఆ పాత డబ్బా చాటున ఉంటుంది. సరిగ్గా ఉందో లేదో చూడాలంటే స్టూడియో కంప్యూటర్ ముందు ఇంకో మనిషి కావాలి. నీలిమ కిందికి దిగి సంగీత గది గుమ్మంలో నిలబడింది.

"అక్కా, నీ కంప్యూటర్‌కు రోగం ఉండాదని నేను అనలేదు. దానికి రోగం రాకూడదని నా బాధ. కొంచెం సాయం చేస్తావా?"

సంగీత తల ఎత్తకుండా మౌస్ కదిలిస్తూనే ఉంది. ఆ తరువాత కుర్చీ కొంచెం జరిపి, ఏం చేయాలో చెప్పమంది.

ఇద్దరూ ఫోన్లు చెవిన పెట్టుకుని, ఒకరు పైన, ఒకరు కింద కూర్చున్నారు. కింది నుంచి చూస్తే పై ల్యాప్‌టాప్ ఎక్కడా కనపడలేదు. సంగీత సంతోషంగా ఆ మాట చెప్పింది. నీలిమ ఎందుకైనా మంచిదని పై నుంచి కిందికి చూసింది. స్టూడియో ప్రింటర్ కనపడింది. సంగీత కంప్యూటర్ కూడా కనపడింది. దాన్ని నొక్కితే కుప్పంలో ఈ మధ్యే జరిగిన పెళ్ళి ఫోటోలన్నీ వరసగా తెరుచుకున్నాయి.

"అక్కా, పెళ్ళికూతురు ఆకుపచ్చ చీరలో ఉండాది కదా?"

అది నీకెలా తెలిసిందని సంగీత కింది నుంచి మెల్లగా అడిగింది.

గోడ ఒకవైపే లేచిందని ఇద్దరికీ అర్థమైంది. కింద ఉన్నది పైకి పోలేదు గానీ, పైనున్నది కిందికి దిగగలదు. అంతేకాక, నీలిమ పంపేదంతా షాపు ఉన్న డబ్బా మీదుగానే బయటికి పోతోంది. అక్కడ దొంగ ఉంటే దారిలో కాపు కాయగలడు. భీమరావును అడిగితే, ఇది చాలదన్నాడు. ఏ ఒక్కటీ ఇంకోదాని నెత్తిన ఉండకూడదని, అన్నీ పక్కపక్కనే ఉండాలని చెప్పాడు.

ఆయన గీసి పంపిన బొమ్మను నీలిమ రెడ్డెమ్మకు, మునికృష్ణకు కూడా అర్థమయ్యేలా చెప్పింది. వీధిలోంచి వచ్చే తీగ మొదటి డబ్బాకు వస్తుంది. ఆ డబ్బా మీద ఇంకే కంప్యూటర్, ఏ ఫోనూ ఉండకూడదు. దాని కింద మూడు డబ్బాలు. షాపుకు ఒకటి, ఇంటికి ఒకటి, ఆఫీసుకు ఒకటి. దేని పాస్‌వర్డ్ దానిది. షాపు డబ్బాలో కౌంటర్ కంప్యూటర్, వచ్చిపోయే వాళ్ళ ఫోన్లు. ఇంటి డబ్బాలో టీవీ, మన ఫోన్లు, సంగీత ఆల్బమ్ కంప్యూటర్. ఆఫీసు డబ్బాలో నీలిమ ల్యాప్‌టాప్ ఒక్కటే. ఒకదానిలో ఉన్నది ఇంకోదానికి కనపడదు.

"పోర్షన్లు మాదిరా?" అని అడిగింది రెడ్డెమ్మ. "గేటు ఒగటే, తలుపులు వేరే."

నీలిమ అవునంది. అంతకంటే బాగా తను చెప్పలేనంది.

మునికృష్ణ తనే బజారుకు పోయి, రిపేరు షాపులో బాగున్న పాత రూటర్లు వెతికి తెచ్చాడు. ఆదివారం స్టూడియో మూసి, తీగలు లాగడానికి గోడకు కన్నాలు వేశాడు. చైతన్య స్టూలు పట్టుకున్నాడు. అన్న సుత్తి అడిగితే సుత్తి, మేకు అడిగితే మేకు అందించాడు. పొద్దుటి నుంచి వాళ్ళిద్దరూ ఏదో ఒకటి మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఆ వారమంతా ఇంట్లో అంత మాట వినపడలేదు. గోడ మీది పాస్‌వర్డ్ కాగితం చింపి కొత్తది అంటించింది సంగీత. అది షాపు డబ్బాది మాత్రమే.

కౌంటర్ కంప్యూటర్‌ను శుభ్రం చేయడం మాత్రం ఇంకా మిగిలే ఉంది. దొంగ సాఫ్ట్‌వేర్ తీసేస్తే చేతిలో ఉన్న ఆర్డర్లు ఆగిపోతాయని, కాస్త వ్యవధి ఇవ్వమని మునికృష్ణ అడిగాడు. అప్పటిదాకా ప్రింటు కావలసిన ఫోటోలను సంగీత చేత్తో మోసుకుపోవాల్సిందే. ఆమెకు ఒక డిస్కు ఇచ్చి, కౌంటర్‌లో పెట్టి తీసినదాన్ని తుడవకుండా తిరిగి లోపలి కంప్యూటర్‌లో పెట్టవద్దని నీలిమ చెప్పింది. ఇది ఒట్టి తిరుగుడు పని అని మునికృష్ణ గొణిగాడు గానీ, సంగీత ఆ నియమం ఒక్కసారి కూడా తప్పలేదు.

అన్నీ తగిలించాక వాళ్ళిద్దరూ మళ్ళీ చూసుకున్నారు. పై నుంచి కిందికి లేదు. కింది నుంచి పైకి లేదు. షాపు నుంచి ఇంటికి లేదు. కావాలని స్టూడియోలో కూర్చుని మునికృష్ణ తన ఫోన్ నుంచి టీవీలోకి పాట పంపబోయాడు. పోలేదు. హాల్లో రెడ్డెమ్మ సీరియల్ చూస్తూనే ఉంది.

సోమవారం భీమరావు బెంగళూరు నుంచి పరీక్ష పెట్టాడు. నీలిమ ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నట్టే దాన్ని దూరం నుంచి నడిపిస్తూ, చుట్టూ ఏమైనా కనపడుతుందేమోనని చాలాసేపు వెతికాడు. ఆమె గోళ్ళు కొరుక్కుంటూ కిటికీలోంచి వీధి చూస్తూ ఉంది. చివరికి ఫోన్ మోగింది.

"నీలిమా, మీ ఇంట్లో మీరొక్కరే ఉన్నట్టు ఉంది," అన్నాడు.

ఆమె పెద్దగా నవ్వింది. ఇంట్లో ఎంతమంది ఉన్నారో ఆయనకు చెప్పింది. ఉద్యోగం మదనపల్లెలోనే ఉంటుందని అప్పుడే రాతలో పంపిస్తున్నానన్నాడు. కిందికి దిగి ఆ మాట చెబితే రెడ్డెమ్మ బెల్లం తెచ్చి ఆమె నోట్లో పెట్టింది.

అసలు పరీక్ష ఆ తరువాత వచ్చింది.

కుప్పం పెళ్ళి ఫోటోల గురించి పెళ్ళికూతురి తండ్రి గంగాధరం ఫోన్ చేశాడు. పెళ్ళికూతురు కృష్ణవేణి. ఆమెకు నాయనమ్మ తిమ్మక్క అంటే ప్రాణం. పెళ్ళిలో అక్షింతలు వేసి మనవరాలి బుగ్గలు పుణికిన ఆ ముసలామె, పెళ్ళయిన కొద్ది రోజులకే పోయింది. ఆమె ఎప్పుడూ ఫోటోకు నిలబడేది కాదని, పెళ్ళిలో తీసినవి తప్ప ఇంకేవీ లేవని, ఆల్బమ్‌లో అవి తప్పకుండా ఉండాలని గంగాధరం చెప్పాడు. మునికృష్ణ తప్పకుండా ఉంటాయని మాట ఇచ్చాడు.

ఆ వారంలోనే ఒకతను ల్యాప్‌టాప్ తీసుకుని స్టూడియోకు వచ్చాడు. పెళ్ళి పత్రికలు ప్రింటు వేయించుకోవాలని షాపు వైఫైకి తగిలించుకున్నాడు. అతను ఇంకా అక్కడ ఉండగానే అతని తెర ఎర్రబడింది. వెంటనే కౌంటర్ కంప్యూటర్ కూడా ఎర్రబడింది. ఫైళ్ళన్నింటికీ తాళం వేశామని, తీయాలంటే డబ్బు పంపాలని ఇంగ్లీషులో రాసి వచ్చింది. మునికృష్ణ ఏం నొక్కినా ఏదీ తెరుచుకోలేదు. ఇలా పోగొట్టుకున్న స్టూడియోల గురించి ఆయన విన్నాడు. వాళ్ళలో ఒకాయన పెళ్ళివాళ్ళకు ముఖం చూపించలేక షాపే మూసేశాడు.

ఆయనకు తిమ్మక్క గుర్తొచ్చింది. కుర్చీలోంచి లేచి లోపలి గదిలోకి పోయాడు.

సంగీత ఆల్బమ్ కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. తెర మీద తిమ్మక్క, పళ్ళు లేని నోటితో నవ్వుతూ, మనవరాలి బుగ్గ మీద చెయ్యి వేసి ఉంది. సంగీత ఆ ఫోటోకు వెలుతురు సరిచేస్తోంది. భర్త ముఖం చూసి ఏమైందని అడిగింది.

"ఇది బాగుండాదా?" అన్నాడు ఆయన.

"దీనికేం? బాగనే ఉండాది."

మునికృష్ణ అక్కడే కింద కూర్చుండిపోయాడు. కౌంటర్ కంప్యూటర్ సంగతి ఆయన చెప్పగానే సంగీత మేడ మీదికి పరుగెత్తింది. నీలిమ వచ్చి ముందు షాపు డబ్బా తీగ పీకేసింది. ఆ తరువాత ఇంటి డబ్బా మీద ఉన్నవన్నీ ఒక్కొక్కటిగా చూసింది. ఏదీ చెడలేదు. కౌంటర్ కంప్యూటర్‌లో పోయింది ఆ రోజు పాస్‌పోర్ట్ ఫోటోలు, కొన్ని పత్రికల డిజైన్లు. అవి మళ్ళీ చేసుకోవచ్చు. భీమరావుకు తనే ఫోన్ చేసి జరిగింది దాచకుండా చెప్పింది. ఆయన తన వైపు నుంచి చూసి, ఆమె ల్యాప్‌టాప్ దగ్గరికి ఆ రోజంతా ఎవరూ రాలేదని, కనీసం తలుపు కూడా తట్టలేదని చెప్పాడు. ఆయన గొంతులో కూడా గర్వం వినపడింది.

మునికృష్ణ అప్పటికి తేరుకుని నీలిమ దగ్గరికి వచ్చాడు.

"ఊరోళ్ళ పెళ్ళిళ్ళన్నీ కాపాడినావమ్మా. నేను నిన్ను ఆ పొద్దు అట్లా అనకుండా ఉండాల్సింది."

నీలిమ, ఆ గోడకు కన్నాలు వేసింది మీరే కదా బావా అంది. ఆ సాయంత్రమే కౌంటర్ కంప్యూటర్ మొత్తం తుడిచేసి, ఈసారి డబ్బు కట్టిన సాఫ్ట్‌వేర్ వేశారు.

ఆల్బమ్ పూర్తయ్యాక అందరూ కలిసి కుప్పం పోయి ఇచ్చి వచ్చారు. గంగాధరం ఆల్బమ్ తెరిచి తల్లి ఉన్న పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాడు. కృష్ణవేణి వచ్చి తండ్రి భుజం మీదుగా చూసి, ఏడుస్తూనే నవ్వింది. నాయనమ్మను ఇట్లా నవ్వించింది ఎవరని అడిగింది. ఫోటో తీసేటప్పుడు, నీ పెళ్ళినాడు కూడా నువ్వింత అందంగా ఉండి ఉండవని తిమ్మక్కతో తను అన్నానని మునికృష్ణ చెప్పాడు. వాళ్ళు భోజనం పెట్టకుండా కదలనివ్వలేదు.

ఈ సంగతి ఫోటోగ్రాఫర్ల నోట పాకింది. ఆ చుట్టుపక్కల స్టూడియోల వాళ్ళంతా కలిసే సమావేశం పుంగనూరులో ఒక కల్యాణమండపంలో జరిగింది. వాళ్ళు మునికృష్ణను మాట్లాడమన్నారు. ఆయన మాట్లాడనన్నాడు. చేసినవాళ్ళను తీసుకొస్తానన్నాడు.

అలా నీలిమ, సంగీత వేదిక మీదికి ఎక్కారు. బల్ల మీద రూటర్లు, తీగలు పరిచి పెట్టుకున్నారు. ముందు వరసలో రెడ్డెమ్మ పట్టుచీర కట్టుకుని కూర్చుంది, పక్కన చైతన్య. నీలిమ డబ్బాల సంగతి చెప్పింది. ఏది ఎందుకు వేరుగా ఉండాలో, మొదట తను ఎక్కడ పొరబడిందో కూడా చెప్పింది. సంగీతకు మైకు పట్టుకోవడం అదే మొదటిసారి. తన చేతులు వణుకుతున్నాయని ముందే చెప్పేసి, ఆ రోజు లోపలి గదిలో తను తిమ్మక్క ఫోటో సరిచేస్తుంటే గోడకు అవతల ఏం జరిగిందో చెప్పింది. ఆమె ముగించాక ఒక పెద్దాయన లేచి నిలబడ్డాడు. తను నాలుగేళ్ళ కిందట ఇలాగే అన్నీ పోగొట్టుకున్నానని, అప్పుడు ఎవరూ ఇలా చెప్పలేదని అన్నాడు. అంతే, చప్పట్లు మొదలయ్యాయి. చాలాసేపు ఆగలేదు.

సభ ముగిశాక వాళ్ళిద్దరి చుట్టూ జనం మూగారు. తమ స్టూడియోకు ఎప్పుడు వస్తారని ఒకరు, తమ డబ్బా ఫోటో చూసి చెప్పమని ఒకరు. పలమనేరు నుంచి వచ్చిన ఒక ఆవిడ తన ఫోన్ నంబరు నీలిమ అరచేతి మీద పెన్నుతో రాసింది. సంగీత అప్పటికే ఎవరికో బల్ల మీద డబ్బాలు వరసగా పేర్చి చూపిస్తోంది. ఇందాక వణికిన చేతులు అవేనా అనిపించింది నీలిమకు.

అంతలో బెంగళూరు నుంచి భీమరావు ఫోన్. ఇంటి నుంచి పనిచేసే వాళ్ళందరికీ ఈ ఏర్పాటు నేర్పించే బాధ్యత ఆమెకు ఇవ్వాలని కంపెనీ నిర్ణయించిందట. ఒప్పుకుంటారా అని అడిగాడు. నీలిమ ఆ సందడిలో ఒక చెవి మూసుకుని, ఒప్పుకుంటానని, అయితే రేపు ఒక్కరోజు సెలవు కావాలని చెప్పింది. ఎందుకని అడిగాడాయన.

"రేపు పుంగనూరులో ఒక స్టూడియోకు వస్తామని మాటిచ్చేసినాము సార్. మా అక్కా, నేనూ."

ఫోన్ పెట్టేసి చూస్తే, రెడ్డెమ్మ మండపం గుమ్మం దగ్గర నిలబడి, వచ్చేపోయే వాళ్ళను ఆపి, ఆ ఇద్దరూ తన కోడళ్ళని చెబుతోంది.